ఆపండి, నేను దిగాలి

ఫిబ్రవరి 2

అమ్మాయికి,

పెట్టె తెరవగానే ముందు ఈ కాయితం చదువు, చొక్కాల సంగతి తర్వాత. పోయినసారి బొంగురు పెట్టె తెరిచి నా ఉత్తరాన్ని ఎక్కడో అడుగున తోసేశాడనీ, రెండు ఊళ్ళు దాటాక గాని నీకు దొరకలేదనీ రాశావు. స్టేజీ ఎక్కి పాడేవాడికి కాయితం విలువ ఏం తెలుస్తుంది? అందుకే ఈసారి పై చొక్కాకి పిన్ను పెట్టి గుచ్చాను. చూసి తీయి. ఆ వేళ్ళతో డ్రమ్ములు వాయించాల్సినదానివి.

ఉత్తరాలెందుకు, ఫోను చేయొచ్చుగా అంటాడు మీ ఆయన. ఫోనులో నాకు వినబడేది సగం. మిగతా సగం నేనే ఊహించుకుంటాను. నా ఊహలు ఎలాంటివో నీకు తెలుసు. దగ్గు వినబడితే ఆసుపత్రి దాకా వెళ్ళిపోతాను. కాయితమైతే అలా కాదు, మళ్ళీ మళ్ళీ చదువుకుని అందులో ఉన్నంత వరకే భయపడొచ్చు.

ఈ పెట్టెలో అన్నీ నల్ల చొక్కాలు, తెల్ల గొడుగు. మీ బ్యాండు గుర్తుగా ఆ చిరుగుల గొడుగే ఎందుకు పెట్టుకున్నారో నాకిప్పటికీ తెలియదు. మంచి గొడుగు వేసుకోకూడదా? అడిగితే మీ ఆయన "అదే దాని అందం అమ్మా" అన్నాడు. చిరుగులో అందం ఏమిటో, దాన్ని పట్టుకుని వానలో నిలబడి చూస్తే తెలుస్తుంది. సరేలే. నల్ల బట్ట మీద తెల్లరంగు ఒకసారి లాగితే పట్టదు కదా. రబ్బరు పలకతో స్క్రీన్ మీద రంగు లాగి, ఆరబెట్టి, మళ్ళీ దాని మీదే లాగాను, ప్రతి చొక్కాకీ. బొమ్మ ఉన్న ఫిల్ము మాత్రం తిరగేసి పెట్టలేదు, ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాను. ఆ ఏడాది నేను తిరగేసి పెడితే పేరంతా అద్దంలో చూసినట్టు పడిందిగా, బొంగురు స్టేజీ మీద "ఇవి వెనక్కి నడిచేవాళ్ళకి" అని చెప్పి అన్నీ అమ్మేశాడట. వాడు అమ్ముకున్నాడు, పరువు నాది పోయింది.

నిన్న పార్సెల్ ఆఫీసులో ఇంకో అవమానం. లోపల ఏముందో పెట్టె మీద రాయాలట. "చొక్కాలూ" అని రాశాను. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "చొక్కాలూ... ఇంకా ఏమిటి మామ్మగారూ?" అన్నాడు.

"ఇంకేం లేవు బాబూ, చొక్కాలే."

"మరి దీర్ఘం పెట్టారేం? చొక్కాలూ అంటే పక్కన ఇంకోటేదో ఉండాలి. లేకపోతే దీర్ఘం కొట్టేయండి."

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. చిన్నప్పుడు మీ ఆయనదీ ఇదే గోల, మా అమ్మకి దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో తెలియదని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, చెయ్యి ఎటు పోతే అటు పెడతాను. ఒక గీత అంత పని చేస్తుందని నాకు ఎవరు చెప్పారు? కొట్టేసి ఇచ్చాను.

తిరిగి వస్తుంటే, చొక్కాల మీద రంగు కాచే వేడి మిషను ప్లగ్గు తీశానో లేదో అని అనుమానం. వీధి చివరి నుంచి పరుగున వచ్చాను. తీసే ఉంది.

మీ ఆయన్ని బండి నెమ్మదిగా నడపమను. నడిపేటప్పుడు ఫోను ముట్టుకోనని వాడు నాకు మాట ఇచ్చాడు, గుర్తుచేస్తూ ఉండు. నా గురించి బెంగ పెట్టుకోకండి. చేతిలో పని లేకపోతే నాకే తోచదు. పాడమని ఇంకా ఊళ్ళు పిలిస్తే ఒప్పుకోమను, చొక్కాలు నేను చూసుకుంటాను.

గడియ వేసి, వేశానో లేదో మళ్ళీ చూసుకునే
మీ అత్తయ్య


ఫిబ్రవరి 9

అత్తయ్యగారికి,

ఉత్తరం చదివాకే చొక్కాలు ముట్టుకున్నాను. పిన్ను నాకు గుచ్చుకోలేదు. బొంగురుకి గుచ్చుకుంది. న్యాయమే.

బండిలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు గెంతితే మీరే సర్దుకోండి. ముందు మీ అబ్బాయి నడుపుతున్నారు. పక్కన బొంగురు గొంతుకి మఫ్లర్ చుట్టుకుని, నోరు తెరుచుకుని నిద్ర. వెనక నేనూ, డ్రమ్ములూ, స్పీకర్లూ, మీ పెట్టెలూ (చూశారా, దీర్ఘాలు ఇలాంటిచోట పెట్టాలి), ఆ పెట్టెల మీద కాళ్ళు బారజాపి మన బేస్ గిటారు పొడుగాయన. వాళ్ళకీ మాకూ మధ్య రేకు గోడ. దానికి పలకంత గాజు కిటికీ. అందులోంచి మీ అబ్బాయి మెడ కనిపిస్తుంది, ముందున్న అద్దంలో కళ్ళు కనిపిస్తాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మొహం కన్నా మెడే ఎక్కువ చూశాను.

మీరు ఊళ్ళు ఒప్పుకోమన్నారని చెప్పాను. ఎంత సంతోషపడ్డారో. "చూశావా, అమ్మకి షెడ్డులో చొక్కాల పని ఉంటేనే ఒంట్లో బాగుంటుంది. నాన్న పోయాక ఆ పనే ఆవిణ్ణి నిలబెట్టింది" అంటూ వేసవి చివరిదాకా వచ్చిన ఊళ్ళన్నీ ఒప్పేసుకున్నారు.

ఒకటి అడుగుతాను, దాచకండి. గొడుగుకి ఎడమపక్క తెలుపు దిట్టంగా ఉంది, కుడిపక్కకి వచ్చేసరికి పలచబడింది. అన్ని చొక్కాలకీ అలాగే. మీ భుజం ఎలా ఉంది?

నా చెయ్యి బాగానే ఉంది. కాస్త తిమ్మిరి. బండిలో ఒకే పక్కకి పడుకోవడం వల్ల అయి ఉంటుంది.

ఇక పని. చొక్కా వెనకవైపు కొత్త మాట ఒకటి వేయాలట, బొంగురు కొత్త పాటలోంచి. అచ్చక్షరాలు వద్దు, చేతిరాత కావాలి, అదీ నాదే కావాలి అన్నారు. ఆఖరి కాయితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పెడతాను. దాన్నే ఉన్నదున్నట్టు ఫిల్ము తీయించేయండి. రేపు ఊరు చేరాక ఖాళీ పెట్టెతో కలిపి పంపిస్తాను.

ఇక్కడ రోడ్డు రోడ్డులా లేదు. ఆపుతాను.

మీ కోడలు

(ఆఖరి కాయితం)

ఆపండి.
నేను దిగాలి.


ఫిబ్రవరి 15

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఆఖరి కాయితం మళ్ళీ మళ్ళీ చదివాను.

మొదట అనుకున్నాను, నాకేం తెలుసు, ఈ కాలం పాటలు ఇలాగే ఉంటాయేమోనని. ఫిల్ము తీసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం మామ్మగారూ, బస్సులవాళ్ళ ఆర్డరు పట్టారా?" అన్నాడు. నవ్వలేదని ఆయనకి కోపం వచ్చింది.

ఇంటికొచ్చి స్క్రీన్‌కి వెలుగు తగిలితే గట్టిపడే పచ్చమందు పూశాను, ఆరబెట్టాను, ఫిల్ము పెట్టి లైటు వేశాను. తర్వాత నీళ్ళు కొడుతుంటే వెలుగు తగలనిచోట మందు కరిగి ఒక్కో అక్షరం బయటికి వస్తుంది కదా. ముందు "ఆపండి" తెరుచుకుంది. తర్వాత "దిగాలి" వచ్చింది. మధ్యలో "నేను" మాత్రం ఎంతకీ తెరుచుకోలేదు. దాని మీదే చాలాసేపు నీళ్ళు కొట్టాను. కొడుతూ ఆలోచించాను. ఆలోచిస్తే నాకు మంచిది కాదని తెలిసీ ఆలోచించాను.

బొంగురు పాటల్లో వానా, రైలూ, ఎవరో వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయీ ఉంటారు. ఇంత తిన్నగా మాట్లాడడం వాడికి చేతకాదు. ఇది నీ మాట. నీ గొంతుతో వినబడింది నాకు.

ఎక్కడ దిగుతావు తల్లీ? బండిలోంచా, బ్యాండులోంచా, మన ఇంట్లోంచా?

మీ ఆయనేమైనా అన్నాడా? అంటే నాకు రాయి. వాడు చెడ్డవాడు కాదు. కాకపోతే చెప్పనిది వాడికి తెలియదు. చిన్నప్పుడు ఆకలేస్తోందని కూడా నేనే వాడికి చెప్పేదాన్ని, "నీకు ఆకలేస్తోంది, రా" అని. నీకు కష్టంగా ఉంటే వాడు కనిపెడతాడని కూర్చోకు. వాళ్ళ నాన్నా అంతే. ఆయన కనిపెడతాడని నేను ఎన్నాళ్ళు కూర్చున్నానో చెబితే నవ్వుతావు.

దిగాలని నిజంగా అనిపిస్తే నిన్ను ఆపేవాళ్ళు ఎవరు? నేను ఆపను. కానీ చెప్పి దిగు. నడుస్తున్న బండిలోంచి దిగకు. నువ్వు వెళ్ళిపోతే నాకు ఉత్తరాలు ఎవరు రాస్తారు? వాడా? వాడు పోయిన ఏడాది రాసిన ఉత్తరం నాకు కంఠతా వచ్చు. "అమ్మా, మీడియం సైజు ఎక్కువ పంపు."

ఇంకొకటి. నీ అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఈ కాయితం మీద ఒక్కోటి ఒక్కో పక్కకి ఒరిగింది. "ది" మీద గుడి సగంలో ఆగిపోయింది. అది బండి కుదుపా, నీ చెయ్యా? ఫిల్ము తీసే ఆయన సరిచేస్తానన్నాడు. వద్దన్నాను. నీ చేతిరాతే కావాలన్నారుగా, ఒరిగింది ఒరిగినట్టే వేశాను.

నా భుజానికేం, ఉక్కు. రంగు డబ్బా అడుగుకి వచ్చింది, అందుకే పలచన.

చొక్కాలన్నీ పెట్టెలో ఉన్నాయి. ఇలాంటి మాట ఎవరు కొనుక్కుంటారో నాకు తెలియదు. ఈ ఉత్తరం అందిన వెంటనే రాయి. వెంటనే అంటే వెంటనే.

నీ మీదే మనసు పెట్టుకున్న
మీ అత్తయ్య


ఫిబ్రవరి 22

అత్తయ్యా,

ముందు కూర్చోండి. కూర్చున్నారా? నేను ఎవర్నీ వదిలి ఎక్కడికీ పోవడం లేదు. ఆ రోజు నాకు బాత్రూముకి వెళ్ళాలి. అంతే!

ఏమైందంటే, మీకు ఉత్తరం రాస్తూ ఉండగానే కడుపు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇక నా వల్ల కాక గాజు కిటికీ మీద కొట్టాను. మీ అబ్బాయి ఏం చేశారో తెలుసా? నేను కొత్త దరువు సాధన చేస్తున్నానని దానికి తగ్గట్టు తల ఊపారు. ఇంకా గట్టిగా కొడితే ఇంకా హుషారుగా ఊపారు. ఫోను ఎత్తరు, మీకు మాట ఇచ్చారు. బొంగురూ నిద్రే, పొడుగాయనా నిద్రే. చివరికి ఒక కాయితం మీద పెద్ద అక్షరాల్లో రాసి గాజుకి ఆనించి పట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరగరుగా, అద్దంలో చూశారు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. ఏం అర్థమైందో ఏమో, నాకు బొటనవేలు చూపించి నడుపుతూనే ఉన్నారు. పెట్రోలు బంకు వచ్చేదాకా ఎలా కూర్చున్నానో ఆ పైవాడికే తెలియాలి.

ఆ కాయితమే పొరపాటున మీకొచ్చింది. బొంగురు పాటలో ముక్క వేరే ఉంది: "గొడుగు చిరిగింది, వాన మిగిలింది." అది రాసిన కాయితం పొడుగాయన కాళ్ళ కింద దొరికింది, మీ పెట్టె వచ్చాక.

మీ ఉత్తరం చదివేలోపే బొంగురు పెట్టెలోంచి ఒక చొక్కా లాగి వేసేసుకున్నాడు. వాడికి తెగ నచ్చింది. మీ అబ్బాయి కూడా వేసుకుని, "ఎంత బాగా రాశావు! పాటలో ముక్క కన్నా ఇదే నయం" అని నా భుజం తట్టారు. ఇక నేనేం చెప్పను?

ఆ సాయంత్రం ముగ్గురూ అవే చొక్కాలతో స్టేజీ ఎక్కారు. డ్రమ్ములు వాయించేదాన్ని, నేను వెనక ఉంటాను. జనానికి వాళ్ళ మొహాలు, నాకు వాళ్ళ వీపులు. మూడు వీపుల మీదా నా చేతిరాత. పాట మొదటి నుంచి చివరిదాకా అదే చదువుతూ వాయించాను. మొదట నవ్వొచ్చింది. నాలుగో పాటకి రాలేదు. ఐదో పాటలో కుడిచేతిలో కర్ర జారి ఎటో ఎగిరిపోయింది. కావాలని విసిరాననుకుని జనం చప్పట్లు కొట్టారు. మీ అబ్బాయి వెనక్కి తిరిగి నవ్వారు.

మీరు "ది" మీద గుడి దాకా చూశారు కాబట్టి మీ దగ్గర దాచి లాభం లేదు. పోయిన నెల ఒక ఊళ్ళో ఆయనకి చెప్పకుండా డాక్టరుకి చూపించుకున్నాను. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందట. కొన్ని నెలలు కర్ర పట్టుకోవద్దన్నాడు. "మొండికేసి వాయిస్తే తర్వాత చెంచా కూడా నిలవదమ్మా ఈ చేతిలో" అన్నాడు. ఆ కాయితం మీద రాసింది ఎడమచేత్తో.

ఆయనకి చెప్పలేదు. చెప్పానంటే ఉన్నపళంగా ఊళ్ళన్నీ మానేస్తారు. మానేస్తే షెడ్డు మూతపడుతుంది, మీకు తోచదు. పని ఆగితే మీరేమైపోతారోనని ఆయన భయం, నా భయమూ అదే. వేసవి దాకా ఎలాగో లాగేస్తాను. మీరు మాత్రం ఆయనకి నా చెయ్యి సంగతి ఒక్క ముక్క చెప్పకండి. నా మీద ఒట్టు.

అవే చొక్కాలు ఇంకా కావాలట. మళ్ళీ పంపాలి మీరు. క్షమించండి.

మీ కోడలు


ఫిబ్రవరి 27

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో, అక్కడికొచ్చి నీ వీపు మీద ఒక్కటి వేయాలో తెలియలేదు. బాత్రూము దగ్గర నవ్వాను. డాక్టరు దగ్గర లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

నాకు తోచదని నీకెవరు చెప్పారు? నేనే చెప్పాను. మీ బండిలో డీజిలు ఈ చొక్కాల వల్లే పడుతోంది, నేను చేతులెత్తేస్తే మీరు దారిలో ఆగిపోతారన్న భయంతో అలా చెప్పాను. తోచకపోవడమేమిటి నాకు? కిటికీ పక్కన కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే నాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోస్తుంది. ఎదురింటివాళ్ళు బట్టలు ఆరేసి వాన వచ్చినా తీయరు. దాని గురించి బెంగపడడానికే నాకు రోజు చాలదు.

నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, రంగు డబ్బా అబద్ధం. చలి మొదలైన దగ్గర్నుంచీ నా కుడి భుజం పైకి లేవడం లేదు. జడ మానేసి ముడి వేసుకుంటున్నాను. రబ్బరు పలక కుడిచేత్తో పట్టుకుని, ఆ చేతిని ఎడమచేత్తో తోస్తాను. కుడివైపు చివరికి వచ్చేసరికి బలం చాలదు. గొడుగు అక్కడ పలచబడుతుంది. చిరుగుల గొడుగేగా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. డ్రమ్ములు వాయించేదానికి చెయ్యి గుట్టు తెలిసిపోతుందని అనుకోలేదు.

నువ్వు నా కోసం కర్ర పట్టుకున్నావు. నేను నీ కోసం పలక పట్టుకున్నాను. వాడు మనిద్దరి కోసం బండి పట్టుకున్నాడు. ముగ్గురం కలిసి ఒకళ్ళనొకళ్ళం భలే ఉద్ధరించుకుంటున్నాం.

పెద్దదాన్ని, నా మీద కాదు, నీ మీద ఒట్టు పెట్టావు. దాటను. నీ చెయ్యి సంగతి వాడికి ఒక్క ముక్క చెప్పను. ఫోనులో చెప్పను, ఉత్తరంలో రాయను. నీకు నా సంగతి తెలుసు, భయస్తురాలిని. ఒట్టు వేసి తప్పేంత ధైర్యం నాకు లేదు.

ఈ పెట్టెలో మీరడిగిన చొక్కాలు ఉన్నాయి. కుడిపక్క పలచగా ఉంటుంది, ఇప్పుడు కారణం తెలుసు కాబట్టి దాని గురించి మళ్ళీ అడగకు. ఒక చొక్కా మాత్రం వేరే సంచిలో చుట్టి పెట్టాను. దాన్ని అమ్మొద్దు. అది నీది. దానికి వెనక కాదు, ముందువైపు వేశాను. బండిలో వెనక కూర్చున్నప్పుడు వేసుకో. గాజు కిటికీకి ఎదురుగా కూర్చో. పైన దుప్పటి కప్పుకోకు. చలేస్తే కాసేపు ఓర్చుకో, తర్వాత కప్పుకోవచ్చు.

ఎందుకు అని అడగొద్దు. అత్త చెప్పింది కోడలు ఒక్కసారైనా ఎదురు చెప్పకుండా చేస్తే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

మీ అత్తయ్య


మార్చి 5

అత్తయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంచి విప్పి చొక్కా చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. పాపం అత్తయ్యకి భుజంతో పాటు కళ్ళు కూడా పోయాయి, ఫిల్ము మళ్ళీ తిరగేసి పెట్టుకున్నారు అనుకున్నాను. రాత మీదని మాత్రం తెలిసింది. ఏం రాశారో చదవడానికి ప్రయత్నించాను, రాలేదు. ఆ ముడతల్లో, ఆ కుదుపుల్లో ఎవరు చదవగలరు? కానీ ఎదురు చెప్పొద్దన్నారుగా. వేసుకుని గాజు కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. దుప్పటి కప్పుకోలేదు. నిజంగానే చలేసింది.

మీ అబ్బాయి అద్దంలో ఒకసారి చూశారు. రోడ్డు చూశారు. మళ్ళీ అద్దంలో చూశారు. ఈసారి బొటనవేలు చూపించలేదు. బండి మెల్లగా పక్కకి తీసి, మూసేసి ఉన్న టైర్ల కొట్టు ముందు ఆపారు. దిగి, వెనక్కి వచ్చి తలుపులు తెరిచారు. నన్ను కాదు, చొక్కాని చూస్తున్నారు.

"అమ్మ రాసిందా ఇది?"

"ఏముంది దాని మీద? నాకు చదవడం రాలేదు."

"ఆపరా. నేనూ దిగాలి. అమ్మ."

అప్పుడు అర్థమైంది నాకు. మీ ఫిల్ము పొరపాటున తిరగబడలేదు.

ఆయన తలుపు పట్టుకుని, "అమ్మకి ఓపిక లేదా? మరి పని లేకపోతే తోచదందే" అన్నారు. తర్వాత నవ్వబోయారు. "చూడు, ఎప్పట్లాగే దీర్ఘం ఎక్కువైంది. నేను దిగాలి అని రాయాలి. మా అమ్మకి దీర్ఘాలు ఈ జన్మకి రావు."

నేను నవ్వలేదు. పెట్టెల మీద నుంచి పొడుగాయన గొంతు వచ్చింది. నిద్రపోతున్నాడనుకున్నాను. "దీర్ఘం ఉంటే ఇంకెవరో కూడా దిగాలనే కదా," అన్నాడు. ఆ మనిషి వారానికి ఒక మాట మాట్లాడతాడు. ఈ వారం మాట అది.

మీ అబ్బాయి నావైపు చూశారు. చొక్కా వైపు కాదు, నావైపు.

"ఇంకెవరు?"

నేను పక్కనున్న కర్ర తీసి కుడిచేత్తో పట్టుకున్నాను, ఆయన చూస్తుండగా. కాసేపు నిలబడింది. తర్వాత జారి బండిలోంచి రోడ్డు మీద పడింది. ఆయన వంగి దాన్ని తీయబోయి, తీయకుండా అక్కడే బండి మెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఆ రోజు స్టేజీ మీద కూడా ఇంతేనా?" అన్నారు. ఊఁ అన్నాను. "మరి నేను నవ్వాను" అన్నారు. నడుం పట్టుకుని, "నాకూ నడుం పోయి రెండు నెలలైంది. అమ్మ కోసమని నడుపుతున్నాను" అన్నారు. అది కూడా దీర్ఘమే అత్తయ్యా.

బొంగురు లేచి వచ్చి "ఎందుకాగాం?" అన్నాడు. "దిగడానికి" అన్నారు ఆయన.

అక్కడి నుంచే ఫోన్లు చేశారు, ఆగి ఉన్న బండిలోంచే, మీకిచ్చిన మాట తప్పలేదు. ముందు ఒప్పుకున్న ఊళ్ళవాళ్ళలో ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. విన్నారు. బొంగురుకి కోపం వచ్చింది. నా గొంతు ఒక్కటే బాగుందా మీ అందరిలో, అన్నాడు. వాడు ఇంకో బ్యాండుతో వెళ్ళిపోతాడేమో. వెళ్తే మనం ఏం చేస్తామో తెలియదు. నాకు చెయ్యి ఎప్పటికి బాగవుతుందో అదీ తెలియదు. ఒక్క ఊరు మాత్రం ఎల్లుండే ఉంది, మాట పోకూడదని అక్కడ డ్రమ్ములు లేకుండా వాయిస్తారట. నేను చొక్కాలు అమ్ముతాను, ఎడమచేత్తో.

ఆ తర్వాత ఇంటికి.

మీ కోడలు


మార్చి 9

అమ్మాయికి,

ఇది పెట్టెలో రావడం లేదు, ఇక్కడ పెట్టెలు లేవు. స్టాంపు అంటించి పంపుతున్నాను, మీరు బయలుదేరేలోపు అందుతుందో లేదో. పార్సెల్ గుమాస్తా, "ఏం మామ్మగారూ, చొక్కాలూ లేవా?" అని నవ్వాడు. "లేవు బాబూ" అన్నాను. అతనికి నేనొక దీర్ఘం బాకీ ఉన్నానని అతనికి తెలియదు.

షెడ్డు తుడిచాను. రంగు డబ్బాలకి మూతలు బిగించాను, ఎడమచేత్తో. వేడి మిషను ప్లగ్గు తీసేశాను, అది మాత్రం నిజంగా తీశాను, ఇప్పుడే మళ్ళీ చూసి వచ్చాను. స్క్రీన్లు కడిగాను. నీ చేతిరాత ఉన్న స్క్రీన్ ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. కడిగినా స్క్రీన్ బట్టలో మిగిలిపోయే బొమ్మని మీ ఆయన దయ్యం అంటాడుగా. వెలుతురుకి పెడితే "నేను దిగాలి" అని ఇంకా లీలగా కనిపిస్తోంది. ఉండనిచ్చాను. తర్వాత దాంట్లో ఏ బొమ్మ వేసినా అది చొక్కా మీద పడదు. స్క్రీన్‌కి మాత్రం గుర్తుంటుంది.

బొంగురు గురించి బెంగగా ఉంది. కోపంలో మఫ్లర్ లేకుండా తిరుగుతాడేమో చూడండి. బ్యాండు లేకపోతే మనం ఎలా బతుకుతామన్నదీ బెంగగానే ఉంది. ఆ తిట్టినాయన మళ్ళీ ఫోను చేస్తాడేమో అదో బెంగ. అన్నిటికీ వరస పెట్టాను, ఒక్కోదాని దగ్గరికి వస్తాను. ముందు మీరు ఇల్లు చేరాలి.

ఒట్టు మాత్రం నేను దాటలేదని వాడికి చెప్పు. నీ చెయ్యి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్క దీర్ఘం పెట్టాను. అది ముక్క కిందికి రాదు. ఈ జన్మకి రావన్న దీర్ఘాల్లో ఒకటి వచ్చిందని కూడా చెప్పు.

వచ్చేటప్పుడు బొంగురుని వెనక పెట్టెల మీద పడుకోమని, నువ్వు ముందు సీట్లో కూర్చో. మధ్యలో ఎక్కడైనా దిగాలనిపిస్తే కాయితం మీద రాయకు, గాజు కిటికీ మీద కొట్టకు. పక్కనే ఉంటాడుగా, నోటితో చెప్పు.

కిటికీ దగ్గర కుర్చీలో
మీ అత్తయ్య